చూపునకు సుంకము కలదా?

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)



వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుడు చెప్పవలసిన మాటలు కొన్ని ఆనవాయితీగా కలవు. హాజరు, పరీక్షాఫలితములు, గ్రంథాలయమునకు చేరిన పుస్తకములు, రుసుము బకాయీలు. ఇవి యన్నియు నివేదికలో అచ్చు వేయించితిమి. తీరిక యున్నవారు ఇంటికి తీసికొనిపోయి చదువుకొనవచ్చును. ఈ సాయంకాలము మేము వేరొక విషయమును గూర్చి ముచ్చటింపదలచితిమి. మీలో కొందరికి ఇది విడ్డూరముగా తోచవచ్చును. టెలివిజన్ చూచుటకు లైసెన్సు కావలెనా, ఫోనులో చూచువారు కూడ దానికి సొమ్ము చెల్లింపవలెనా అను ప్రశ్న అది. బడికి దీనితో నేమి పని యందురా? పని తనంతట తానే బడిలోనికి నడచి వచ్చినది.

2025 జూను మాసమున, బడి తెరచిన వారముననే, మన పూర్వ విద్యార్థి యొకని తల్లి మా గదికి వచ్చెను. ఆమె మల్లేశ్వరము మార్కెట్టులో పూలు అమ్మి పిల్లవానిని చదివించినది. వాడు మన బడిలో పదవ తరగతి వరకు చదివి, పిమ్మట ఇంజనీరింగు ముగించి, బ్యాంకు అప్పుతో ఇంగ్లండులోని కొవెంట్రీ నగరమునకు పైచదువునకై వెళ్లెను. అచ్చట వాని గదికి వచ్చిన ఉత్తరమును ఫోటో తీసి తల్లికి పంపినాడు. ఆమె ఫోను మా చేతికిచ్చి, "సార్, వాడు తప్పేమైనా చేసినాడా? ఇది కట్టల్లా?" అని అడిగెను.

ఉత్తరము వాని పేరిట లేదు. ఆ చిరునామాలో చట్టప్రకారము నివసించువారికి అని మాత్రము కలదు. ఈ చిరునామాకు టెలివిజన్ లైసెన్సు లేదు, లైసెన్సు లేక చూచుట నేరము, వేయి పౌండ్ల వరకు జరిమానా పడవచ్చును అని ఎఱ్ఱని అక్షరములలో వ్రాసి యుండెను. లైసెన్సు వెల అప్పుడు ఏడాదికి 174 పౌండ్ల 50 పెన్నీలుగా ఉండెను. మన లెక్కలో సుమారు ఇరువది వేల రూపాయలు. ఆ తల్లికి అది ఎన్ని బుట్టల మల్లెపూలో మేము లెక్క వేయలేదు గాని ఆమె అప్పటికే వేసికొని యుండెనని ముఖము చూచిన తెలిసినది.

తెలియని దానికి తెలిసినట్లు తల యూపుట మా వృత్తిలో మిక్కిలి సులభమైన పాపము. కావున, "అమ్మా, నాలుగు దినములు ఆగుము, చదివి చెప్పెదము, అంతవరకు పైసా పంపవద్దు" అంటిమి. ఆ నాలుగు దినములలో మేము చదివినదియు, అంతకు ముందు మా ఇంట మేము చూచినదియు కలిపి ఇప్పుడు మీ ముందు ఉంచుచున్నాము.

మొదట మా ఇంటి సంగతి. ఇప్పటి యువ తల్లిదండ్రులు నమ్మరు గాని, మన దేశమున కూడ రేడియో వినుటకు లైసెన్సు ఉండెను. 1970-80 నడుమ మేము చిన్నవారము. మా తండ్రిగారు చిక్కపేటలో ఒక బట్టల దుకాణమున లెక్కలు వ్రాయుచుండిరి. రేషను కార్డు, ఇంటి అద్దె చీటీలు, రేడియో లైసెన్సు పుస్తకము - ఈ మూడును ఒకే రేకు పెట్టెలో భద్రముగా ఉండెడివి. ఏటేటా పోస్టాఫీసునకు పోయి పదునైదు రూపాయలు చెల్లించి ఆ చిన్న పుస్తకములో బిళ్ల అంటింపించుకొని, దానిపై ముద్ర వేయించుకొని రావలెను. ఒక ఏడాది బడి పుస్తకములకు సొమ్ము ఖర్చయి లైసెన్సు గడువు దాటిపోయెను. సరిగా ఆ నెలలోనే పరీక్షాధికారి మా వీధికి వచ్చెను. మా తల్లిగారు రేడియోను బొంతలో చుట్టి మంచము మీద పెట్టిరి. ఆయన గుమ్మములో నిలిచి, "ఇంట రేడియో కలదా?" యని యడుగగా, మాటలు అప్పుడప్పుడే వచ్చుచున్న మా చెల్లెలు, "పడుకొన్నది" అని చెప్పినది. ఆయన నవ్వి, శనివారములోగా కట్టవలెనని చెప్పి వెళ్లిపోయిరి. మా తండ్రిగారు శుక్రవారమే కట్టిరి. బొంత సంగతి మాత్రము మా ఇంట నేటికిని పండుగలనాడు చెప్పుకొందురు.

ఆ లైసెన్సునకు మూలము ఎచ్చట? 1885 నాటి టెలిగ్రాఫు చట్టము ఒకటి, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము మరియొకటి. రెండవ దాని ప్రకారము వైర్‌లెస్ యంత్రమును లైసెన్సు లేక దగ్గర ఉంచుకొనుటయే నేరము. మొదటి పర్యాయము నూరు రూపాయల వరకు జరిమానా. వినినావా, లేదా అను ప్రశ్న లేదు. బొంతలో నిద్రించు రేడియోకు కూడ లైసెన్సు కావలసినదే. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు. తరువాత దీనితో పని కలదు.

చట్టము 1933లో వచ్చినను లైసెన్సు అంతకు ముందే కలదు. 1927 జూలై 23న బొంబాయిలోను, మరుసటి నెలలో కలకత్తాలోను ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అను ప్రైవేటు సంస్థ ప్రసారములు మొదలుపెట్టెను. శ్రోత ఏడాదికి పది రూపాయలు చెల్లింపవలెను. అందులో ఎనిమిది రూపాయలు కంపెనీకి పోవును. లెక్క కాగితము మీద బాగుగనే యుండెను. కాని దేశమంతట లైసెన్సు పుచ్చుకొన్నవారు ఎనిమిది వేలు దాటలేదు. లైసెన్సు లేకయే వినువారు ఎందరో ఉండిరి. మూడేండ్లు నిండకముందే, 1930లో, కంపెనీ దివాలా తీసెను. ప్రభుత్వము దానిని చేతికి తీసికొనెను. 1936లో అది ఆలిండియా రేడియో అయినది.

మన మైసూరు సీమలో జరిగిన కథ ఇంకొక తీరుగా నున్నది. మైసూరు మహారాజా కళాశాలలో మనస్తత్వశాస్త్రము బోధించుచుండిన ఆచార్య ఎం. వి. గోపాలస్వామిగారు 1935లో తమ ఇంటిలోనే ఒక చిన్న ప్రసార కేంద్రము నెలకొల్పిరి. ఎవరును లైసెన్సు రుసుము ఆయనకు పంపలేదు. తమ ఉత్సాహముతోను, తమ సొమ్ముతోను నడిపి, పిమ్మట సంస్థానమునకు అప్పగించిరి. ఆ కేంద్రమునకు వాడిన 'ఆకాశవాణి' యను మాటయే కాలక్రమమున దేశమంతటి రేడియోకు పేరయినది. 1955లో ఆ కేంద్రము బెంగళూరునకు తరలి వచ్చెను. రాజభవన మార్గమున నేటికిని ఉన్నది. ఉపాధ్యాయుడొకడు ఇంట మొదలిడిన పని యిది యని చెప్పుకొనుటలో మాకు కొంచెము గర్వము కలదు, క్షమింపగలరు.

టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగముగా మొదలయి, 1977లో హైదరాబాదునకు, 1981 నవంబరు 1న బెంగళూరునకు వచ్చెను. దానికి కూడ లైసెన్సు ఉండెను, ఏడాదికి యాబది రూపాయలు. అయితే అప్పటికే లైసెన్సు పునాది కదలుచుండెను. 1967లో వివిధభారతిలో వ్యాపార ప్రకటనలు ప్రవేశించెను. 1976లో టెలివిజనులోను ప్రవేశించెను. ట్రాన్సిస్టరు రేడియోలు జేబులోనికి, సైకిలు హ్యాండిలు మీదికి, పొలము గట్టు మీదికి ఎక్కినవి. వానిని ఏ అధికారి ఎచ్చట లెక్కించును? రుసుము వసూలు చేయుటకగు శ్రమ రుసుమును మింగుచుండెను. 1984-85 ప్రాంతమున ప్రభుత్వము రేడియో, టెలివిజన్ లైసెన్సులను రెండింటిని తీసివేసెను. మా తండ్రిగారు ఆ పుస్తకమును మాత్రము పారవేయలేదు. "ఎప్పుడైన మరల అడుగుదురేమో" అనుచుండెడివారు.

మరల అడుగలేదు. నేటి స్థితి ఏమన: భారతదేశమున టెలివిజన్ పెట్టె ఇంట ఉంచుకొనుటకు గాని, దానిలో చూచుటకు గాని, ఫోనులో ఇంటర్నెట్ ద్వారా చూచుటకు గాని, ప్రేక్షకునికి ఏ లైసెన్సును అక్కరలేదు. 1885, 1933 చట్టముల స్థానమున 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టము వచ్చినది. అందును ఇంటివారు టెలివిజన్ చూచినందుకు లైసెన్సు పుచ్చుకొనవలెనను మాట లేదు. మనము చెల్లించు సొమ్ము వేరు జాతిది. కేబులు వానికి గాని, గొడుగు కంపెనీకి గాని కట్టునది కనెక్షను రుసుము, చానళ్ల వెల, వానిపై నూటికి పదునెనిమిది వంతున జీఎస్టీ. ఓటీటీ కంపెనీలకు కట్టునది చందా. లైసెన్సు అనునది ప్రభుత్వపు అనుమతి, చందా అనునది అంగడి బేరము. అంగడిలో నచ్చనిచో మానవచ్చును. అనుమతి అట్లు కాదు.

ఆకాశము నుండి కార్యక్రమములు దింపి ఇంటింటికి పంచు గొడుగు కంపెనీలు ప్రభుత్వము నుండి లైసెన్సు తీసికొని దానికి రుసుము చెల్లించుచున్నవి. కాని అది కంపెనీకి సంబంధించినది, మనకు గాదు. ఓటీటీ సంస్థలకు 2021లో వచ్చిన నియమములు కలవు. అవి వయస్సుల వారీగా చిత్రములను గుర్తించుట, ఫిర్యాదులు తీర్చుట మొదలగువానిని గూర్చినవి. అందు కూడ ప్రేక్షకుని మీద సుంకము లేదు. కావున "మీరు ఫోనులో సినిమాలు చూచుచున్నారు, టీవీ లైసెన్సు బాకీ యున్నది, ఈ లింకు నొక్కి కట్టుడు" అని మీకు ఇచ్చట సందేశము వచ్చినచో అది పచ్చి మోసము. వెంటనే 1930 అను నంబరునకు ఫోను చేయుడు. అది సైబరు నేరముల సహాయ కేంద్రము. పాత కంపెనీ దివాలా తీసిన సంవత్సరమే ఈ నంబరగుట యాదృచ్ఛికము; జ్ఞాపకముంచుకొనుటకు మాత్రము పనికివచ్చును.

ఒక తండ్రిగారు పోయిన బాలల దినోత్సవమునాడు, "బడిలో సినిమా వేయుటకు లైసెన్సు అక్కరలేదా?" యని యడిగిరి. అది కాపీరైటునకు సంబంధించిన వేరు ప్రశ్న. 1957 నాటి కాపీరైటు చట్టము 52వ సెక్షనులో, విద్యాసంస్థ కార్యక్రమములలో భాగముగా, ప్రేక్షకులు ఉపాధ్యాయులు, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సంస్థతో సంబంధము గలవారు మాత్రమే యైనచో చలనచిత్ర ప్రదర్శనమునకు మినహాయింపు కలదు. వీధిలోని వారందరిని పిలిచి కుర్చీలు వేసినచో ఆ మినహాయింపు పోవును. ఎవరి సొంత ఓటీటీ ఖాతానైన బడిలో వాడుట ఆ కంపెనీతో వారు చేసికొన్న ఒప్పందమును బట్టి యుండును. అందుచేత మన బడిలో ఎవరి ఖాతాను వాడము.

ఇక ఉత్తరము వచ్చిన దేశమునకు పోవుదము.

బ్రిటనులో రేడియో లైసెన్సు 1922లో పది షిల్లింగులతో మొదలయినది. 1946లో టెలివిజనుకు కూడ వచ్చినది. 1971లో కేవలము రేడియో వినువారికి లైసెన్సు తీసివేసిరి. టెలివిజనుకు ఉంచిరి. ఆ సొమ్ముతోనే బీబీసీ నడచును. ఇప్పుడు దానిని 2003 నాటి చట్టము ప్రకారము వసూలు చేయుచున్నారు. వెల ఏటేటా మారుచుండును. మేము చెప్పినది 2025 ఏప్రిలు నుండి నిర్ణయింపబడిన వెల.

ఇచ్చట గమనింపవలసినది యొకటి కలదు. మన పాత చట్టము వస్తువును చూచెను: పెట్టె ఉన్నదా, లేదా? బ్రిటిషు చట్టము నేడు చూపును చూచుచున్నది: ఏమి చూచుచున్నావు, ఎప్పుడు చూచుచున్నావు? ఇంట పెద్ద టెలివిజన్ ఉన్నను, దానిలో ఓటీటీ సినిమాలను తనకు వీలైనప్పుడు చూచువానికి లైసెన్సు అక్కరలేదు. టెలివిజనే లేక అరచేతిలోని ఫోనులో చూచువానికి సైతము, ఏ చానలునైనను ప్రసారమగుచున్న సమయముననే చూచినచో లైసెన్సు కావలెను. ఆ చానలు బ్రిటనుది కానక్కరలేదు. ఏ దేశపు చానలైనను, ఏ భాషయైనను, ఇంటర్నెట్ ద్వారా వచ్చినను, నియమము ఒక్కటియే. ప్రత్యక్ష ప్రసారమును నిమిషము ఆపి మరల చూచినను అది ప్రత్యక్ష ప్రసారముగనే లెక్క. క్రికెటు పోటీని ఓటీటీలో ప్రత్యక్షముగా చూచినను అంతే. దీనికి తోడు బీబీసీ వారి ఐప్లేయరులో పాత కార్యక్రమము చూచినను, 2016 సెప్టెంబరు 1 నుండి లైసెన్సు కావలెను. అంతకు ముందు ఆ ద్వారము తెరచి యుండెను, దానిని మూసిరి.

తెలుగు తల్లిదండ్రులు దీనిని మరియొకసారి వినవలెను. మన పిల్లవాడు కొవెంట్రీలో తన గదిలో కూర్చుండి, తెలుగు వార్తల చానలును ఫోనులో ప్రత్యక్షముగా చూచినచో, బ్రిటిషు చట్టము దృష్టిలో వాడు టెలివిజన్ చూచుచున్నాడు. "నేను చూచినది మా భాష చానలు, మీ బీబీసీని నేను చూడనే లేదు" అనుట చెల్లదు. అదే పిల్లవాడు అదే ఫోనులో నిన్నటి తెలుగు సినిమాను చందా కట్టిన ఓటీటీలో చూచినచో, చట్టము వానిని పలుకరింపదు.

విద్యార్థులకు ఒక సదుపాయము కలదని కొందరు చెప్పుదురు. నిజమే, కలదు. కాని అది ఎవరికో చదువుడు. తల్లిదండ్రుల ఇంటికి లైసెన్సు ఉన్నచో, చదువునకై వేరు ఊర నుండు విద్యార్థి, కరెంటు ప్లగ్గునకు తగిలింపక, కేవలము బ్యాటరీతో నడచు ఫోనులోనో, ల్యాప్‌టాపులోనో చూచుకొనవచ్చును. ఇంటి లైసెన్సే వానిని కాపాడును. ఈ ఇల్లు బ్రిటనులో ఉండవలెను. మాంచెస్టరులో తల్లిదండ్రులు గల పిల్లవానికి ఇది వరము. తల్లి మల్లేశ్వరములో నున్న పిల్లవానికి ఇది లేదు. ఆ తల్లి ఇంటికి లైసెన్సు లేదు. కావలెనన్నను ఈ దేశమున ఇచ్చువారు లేరు. చట్టము వ్రాసినవారికి మన పిల్లల మీద ద్వేషమేమియు లేదు. వ్రాయునప్పుడు వారు కండ్ల ముందర లేరు, అంతే. భాషా అల్పసంఖ్యాకులమైన మనకు ఈ అనుభవము కొత్తది కాదు.

కొన్ని ఉపాయములు మాత్రము న్యాయముగనే కలవు. స్నేహితులు నలుగురు ఒకే అద్దె ఒప్పందముతో ఇల్లు తీసికొన్నచో ఇంటికంతటికి ఒక లైసెన్సు చాలును; నలుగురు పంచుకొనవచ్చును. గదికొక ఒప్పందము వేరుగా నున్నచో ఎవరిది వారికే కావలెను. చదువు ముగిసి ముందుగా తిరిగి వచ్చినచో మిగిలిన పూర్తి నెలలకు సొమ్ము తిరిగి అడుగవచ్చును. ప్రత్యక్ష ప్రసారములు, ఐప్లేయరు ఏవియు చూడనిచో, "మాకు అక్కరలేదు" అని వారికి తెలియజేయు పద్ధతి కలదు. దానికి రుసుము లేదు. పరీక్షాధికారి తలుపు తట్టినను, న్యాయస్థానపు వారంటు లేనిదే అనుమతి లేక లోనికి రారాదు. మా చెల్లెలి సమాధానము అచ్చట అవసరము కలుగదు.

జర్మనీలో పిల్లలున్న తల్లిదండ్రులు కూడ ఈ సభలో కలరు. అచ్చటి నియమము మూడవ తీరు. 2013 నుండి వారు వస్తువును చూడరు, చూపును చూడరు, ఇంటిని చూతురు. ప్రతి ఇంటికి ఒక ప్రసార రుసుము. టెలివిజన్ లేకున్నను, అంధకారములో కూర్చున్నను కట్టవలసినదే. 2021 నుండి అది నెలకు 18 యూరోల 36 సెంట్లు. ఒక ఇంట నలుగురు విద్యార్థులున్నచో ఒకరు కట్టిన చాలును. తక్కినవారు ఆ సంగతి వ్రాసి తెలుపవలెను. అక్కడకు వెళ్లిన పిల్లలు చిరునామా నమోదు చేసికొన్న కొద్ది కాలమునకే ఈ ఉత్తరము వచ్చును. అది మోసము కాదు. చెత్తబుట్టలో వేసినచో బాకీ పెరుగును. ఫ్రాన్సు వారు 2022లో తమ రుసుమును తీసివేసిరి.

ఒక పెద్దమనిషి మాతో, "మన దేశము నలుబదేండ్ల క్రితమే వదిలించుకొన్న పీడను వారు ఇంకను మోయుచున్నారు గదా" యని యనిరి. మాకు ఆ మాట పూర్తిగా రుచింపలేదు. కారణము చెప్పెదము.

మా చిన్ననాట బెంగళూరు కేంద్రము కన్నడ కేంద్రము, అట్లుండుటయే న్యాయము. మేము తెలుగు కొఱకు రాత్రివేళ ముల్లు త్రిప్పుచుండెడివారము. విజయవాడ వచ్చెడిది, కొన్ని రాత్రులు హైదరాబాదు వచ్చెడిది, 1963లో నెలకొల్పిన కడప కేంద్రము దగ్గరిది గనుక వినవచ్చెడిది. గాలివానలో మాటలు ఎగిరిపోవుచుండగా మా తల్లిగారు రేడియో దగ్గరకు చెవి యొగ్గి వినెడివారు. మా తండ్రిగారు చిక్కపేట పోస్టాఫీసులో కట్టిన పదునైదు రూపాయలు బెంగళూరు కేంద్రమునకని వేరుపరచినవి కావు. దేశమంతటి ప్రసారములకును ఖజానా ఒక్కటే. ఆ ఉమ్మడి సొమ్ములో నుండియే విజయవాడ నాటకములు, పొలము పనుల ముచ్చటలు, బాలల కార్యక్రమములు నడచినవి. 1975 ఆగస్టు నుండి ఏడాది పాటు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములకు టెలివిజన్ పాఠములు వచ్చినప్పుడు ఒకే ఆకాశము నుండి తెలుగు, కన్నడము రెండును దిగినవి. ఉదయము వేళ బడిపిల్లలకు విజ్ఞాన పాఠములు చూపిరి. వానికి ప్రకటన ఇచ్చు సబ్బుల కంపెనీ ఏదియు లేదు. ఉమ్మడి సొమ్ముతో జరిగినవి.

చందా పద్ధతిలో ఎక్కువమంది కోరునదియే వచ్చును. తెలుగు సినిమాలకు కొదువ లేదు. అది మన అదృష్టము. 2011 జనగణనలో కర్ణాటకమున నూటికి సుమారు ఆరుగురు తెలుగువారు. వారికి సినిమా దొరకును. వారి ఎనిమిదేండ్ల బిడ్డకు, బెంగళూరులో పెరుగుచు, కన్నడము నడుమ తెలుగు అక్షరములు నేర్చుకొను బిడ్డకు, తగిన కార్యక్రమము ఏ ఓటీటీలోనైన ఎన్ని గంటలు కలదో మీరే ఈ రాత్రి వెదకి చూడుడు.

బ్రిటనులో వేల్సు అను ప్రాంతమునకు తన సొంత భాష కలదు. ఆంగ్లము నడుమ అది మన వంటి స్థితిలో నున్నది, మనకన్న చిన్నది. ఆ భాషలో ఎస్‌ఫోర్‌సీ అను చానలు 1982 నవంబరు 1న మొదలయినది. 2022 నుండి దానికి ప్రజాధనమంతయు ఈ లైసెన్సు రుసుము నుండియే పోవుచున్నది. అనగా కొవెంట్రీలోని మన పిల్లవాడు లైసెన్సు కట్టినచో అందులో పిసరంత సొమ్ము వేల్సు భాషలో బొమ్మల కార్యక్రమము చూచు ఏదో ఒక పల్లెటూరి బిడ్డకు చేరును. ఈ సంగతి తెలిసిన తరువాత ఆ ఎఱ్ఱ అక్షరముల ఉత్తరము మీద మాకున్న కోపము సగము తగ్గెను. సగమే. బీదవానికి, ధనికునికి ఒకే వెల యనునది మాకిప్పటికిని సమ్మతము కాదు. మన బడి రుసుము కూడ మేము అట్లు వసూలు చేయము.

నాలుగవ దినమున ఆ తల్లి మరల వచ్చెను. ముగ్గురము ఫోనులో మాటలాడితిమి. "ఏమేమి చూచుచున్నావురా?" యని మేము వానిని అడిగితిమి. సినిమాలు చూచుచున్నాడు, ఓటీటీలో, తనకు వీలైనప్పుడు. దానికి అక్కరలేదు. క్రికెటును ముగిసిన పిదప ముఖ్య ఘట్టములుగా చూచుచున్నాడు. దానికిని అక్కరలేదు. ఇంకేమి? వాడు కొంచెము తడబడెను. తల్లియే చెప్పెను. ఉగాదినాడు పంచాంగ శ్రవణమును తెలుగు చానలులో వాడు అక్కడ, ఆమె ఇక్కడ, ఫోను చెవి దగ్గర ఉంచుకొని, ఒకే సమయమున చూచిరట. తన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని ఇద్దరును కలిసి వినిరట. ఆదివారములు కూడ అప్పుడప్పుడు అట్లే చూతురట.

"అదే సార్ తప్పు?" అని ఆమె అడిగెను.

అదియే యని చెప్పవలసి వచ్చెను. చెప్పునప్పుడు మాకు సంతోషము కలుగలేదు. వాడు చూచినది సినిమాయైన తప్పు లేదు. తల్లితో కలిసి, అదే క్షణమున చూచుటయే చట్టమునకు చిక్కినది. ఇంతవరకు తెలియక చేసినాడు. ఇకమీదట రెండు దారులు కలవు: ప్రత్యక్ష ప్రసారము మానుట, లేదా లైసెన్సు పుచ్చుకొనుట. చూచుచునే "అక్కరలేదు" అని వ్రాసి పంపుట మూడవ దారిగా వాని స్నేహితులు చెప్పిరట. అది మేము ఒప్పుకొనలేదు. వాడును ఒప్పుకొనలేదని చెప్పుట న్యాయము.

ఆమె కొంతసేపు ఆలోచించి, "పంచాంగము పుస్తకము మార్కెట్టులో దొరుకుతుంది గదా సార్. ఉగాదికి నేనే చదివి వినిపిస్తా. వాడు వినల్ల, అంతే గదా. దానికి లైసెన్సు వద్దు గదా?" అని అడిగెను. వద్దంటిమి. వాడు ఆ సాయంకాలమే ఫోనులోని చానళ్ల యాపును తీసివేసి, తనకు లైసెన్సు అక్కరలేదని వారికి తెలియజేసెను. ఇప్పుడు అది నిజము.

సంఘము వారితో మాటలాడి ఒక ఏర్పాటు చేసితిమి. విదేశములలో చదువుచున్న పిల్లలకు గాని, మీకు గాని ఇట్టి ఉత్తరములు వచ్చినచో, రెండవ శనివారము మధ్యాహ్నము మూడు గంటలకు బడికి తీసికొని రండు. ఆంగ్లము బాగుగ తెలిసిన ఇద్దరు ఉపాధ్యాయులు చదివి, తెలుగులో అర్థము చెప్పుదురు. వచ్చునప్పుడు పిల్లవాని అద్దె ఒప్పందపు ప్రతి కూడ ఫోనులో నుంచుకొని రండు. ఒక ఇల్లా, వేరు గదులా అనునది దానిని చూచిన గాని తెలియదు. చదివించుకొనక మునుపు సొమ్ము మాత్రము ఎవరికిని పంపవద్దు.